ముఖ గుర్తింపు ట్యాగులు

ముఖ గుర్తింపు ట్యాగు అనగా డిజిటల్ ఫోటోలో కనిపించే ఒక ముఖం ఎవరిదో తెలిపే గుర్తు. ఫోటోలో ముఖం ఉన్న చోటును ఒక దీర్ఘచతురస్రంతో గుర్తించి, దానికి ఆ వ్యక్తి పేరును జతచేస్తారు. ఇటువంటి ట్యాగులు ఉన్న ఫోటో సంగ్రహంలో ఒక పేరు మీద నొక్కితే ఆ వ్యక్తి ఉన్న ఫోటోలన్నీ ఒకచోట కనిపిస్తాయి. 2008-09 ప్రాంతంలో పికాసా, ఐఫోటో వంటి సాఫ్టువేర్ల ద్వారా ఈ సౌకర్యం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. తరువాత ఫోన్లలోని ఫోటో యాప్‌లలో కూడా ఇది మామూలు అంశమయింది.

ముఖాన్ని కనుగొనడం, ఒక ముఖాన్ని మరొక ముఖంతో పోల్చడం కంప్యూటరు చేసే పనులు. ఆ ముఖం ఫలానావారిది అని చెప్పవలసినది మాత్రం మనిషే. కంప్యూటరుకు పోలిక తెలుసు, మనిషి తెలియదు. ఈ తేడాను మరచి సాఫ్టువేరు సూచించిన పేర్లన్నిటినీ ఒకేసారి ఆమోదించడం వలన సంగ్రహంలో తప్పులు చేరతాయి. పేరు లేని ముఖం కంటె తప్పు పేరు ఉన్న ముఖం ఎక్కువ హాని చేస్తుంది. పేరు లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు "ఇది ఎవరు?" అని అడుగుతారు. పేరు ఉంటే ఎవరూ అడగరు. ఫోటోలోనివారిని స్వయంగా ఎరిగిన పెద్దలు గతించిన తరువాత ఆ తప్పే కుటుంబ చరిత్రగా నిలిచిపోతుంది. అందువలన ట్యాగులు పెట్టడం కంటె వాటిని సరిగా నిలుపుకోవడమే ఇందులో అసలైన పని.

చరిత్ర

కంప్యూటరు సహాయంతో ముఖాలను గుర్తించే ప్రయత్నాలు 1960లలో అమెరికాలో మొదలయ్యాయి. వుడీ బ్లెడ్సో అనే శాస్త్రవేత్త కళ్ళ మూలలు, నోటి కొసలు మొదలైన బిందువులను మనుషుల చేత గుర్తింపజేసి, వాటి మధ్య దూరాలను కంప్యూటరుతో పోల్పించాడు. 1973లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో తకియో కనాడే తన పరిశోధనలో ఆ బిందువులను కూడా కంప్యూటరే కనుగొనే పద్ధతిని రూపొందించాడు. 1991లో మాథ్యూ టర్క్, అలెక్స్ పెంట్లాండ్ ప్రతిపాదించిన ఐగెన్‌ఫేసెస్ పద్ధతి, 2001లో పాల్ వయోలా, మైకేల్ జోన్స్ ప్రకటించిన వేగవంతమైన ముఖ శోధన పద్ధతి ఈ రంగంలో ముఖ్యమైన మలుపులు. రెండవ పద్ధతి వలన సాధారణ కంప్యూటర్లలోను, కెమెరాలలోను ముఖాలను అక్కడికక్కడే కనుగొనడం సాధ్యమయింది.

ఇంటి ఫోటోలకు ఈ విద్య చేరడానికి మరికొన్నేళ్ళు పట్టింది. గూగుల్ సంస్థ 2004లో పికాసాను, 2006లో నెవెన్ విజన్ అనే ముఖ గుర్తింపు సంస్థను కొనుగోలు చేసింది. 2008 సెప్టెంబరులో పికాసా వెబ్ ఆల్బమ్స్‌లో పేరు ట్యాగులు వచ్చాయి. 2009 జనవరిలో యాపిల్ సంస్థ ప్రకటించిన ఐఫోటో '09లో "ఫేసెస్" అనే విభాగం చేరింది. అదే సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన పికాసా 3.5తో కంప్యూటరులో ఉన్న ఫోటోలకు కూడా ఈ సౌకర్యం కలిగింది. ఫేస్‌బుక్ 2010 డిసెంబరులో ట్యాగు సూచనలను ప్రకటించింది. స్వేచ్ఛా సాఫ్టువేరు అయిన డిజికామ్‌లో 2011లోను, అడోబీ లైట్‌రూమ్‌లో 2015లోను ముఖ గుర్తింపు ప్రవేశించింది. గూగుల్ ఫోటోస్ 2015 మే నెలలో మొదలయింది.

2014లో ఫేస్‌బుక్ పరిశోధకులు ప్రకటించిన డీప్‌ఫేస్, 2015లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ఫేస్‌నెట్ అనే పద్ధతులతో గుర్తింపు శక్తి ఎంతో పెరిగింది. మాసచుసెట్స్ విశ్వవిద్యాలయం 2007లో విడుదల చేసిన, 5,749 మంది వ్యక్తుల 13,233 చిత్రాలు ఉన్న పరీక్షా సంగ్రహంపై డీప్‌ఫేస్ 97.35 శాతం, ఫేస్‌నెట్ 99.63 శాతం సరైన ఫలితాలు ఇచ్చాయి. ఈ అంకెలను చూసి ఇంటి ఫోటోలలో కూడా వందకు ఒక్క తప్పైనా రాదని అనుకోవడం పొరపాటు. ఆ పరీక్షలోని చిత్రాలు వార్తలలో కనిపించే ప్రముఖులవి. వారు చాలామంది పెద్దవారు, ఒకరికొకరు చుట్టాలు కారు. ఇంటి ఆల్బములో ఉండేది చుట్టాలే.

పనిచేసే విధానం

సాఫ్టువేరు మొదట ఫోటోలో ముఖాలు ఉన్న చోట్లను వెదుకుతుంది. దొరికిన ప్రతి ముఖాన్ని కళ్ళు ఒకే వరుసలోకి వచ్చేటట్లు సరిచేసి, దానిని ఒక సంఖ్యల వరుసగా మారుస్తుంది. ఫేస్‌నెట్ పద్ధతిలో ఈ వరుసలో 128 సంఖ్యలు ఉంటాయి. ఒకే వ్యక్తి ముఖాలు అయితే ఈ వరుసల మధ్య దూరం తక్కువగాను, వేర్వేరు వ్యక్తులవి అయితే ఎక్కువగాను ఉండేటట్లు ఆ పద్ధతికి ముందుగానే శిక్షణ ఇస్తారు. దూరం ఒక నిర్ణీత హద్దు కంటె తక్కువగా ఉన్న ముఖాలను సాఫ్టువేరు ఒక గుంపుగా చేరుస్తుంది. వినియోగదారు ఆ గుంపుకు పేరు పెడతాడు. ఆ తరువాత కొత్తగా చేరిన ఫోటోలలో ఆ గుంపుకు దగ్గరగా ఉన్న ముఖాలు కనబడితే సాఫ్టువేరు అదే పేరును సూచిస్తుంది.

హద్దును ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. హద్దును బిగిస్తే ఒకే వ్యక్తి కళ్ళజోడుతో ఒక గుంపు, కళ్ళజోడు లేకుండా మరొక గుంపు, ఒక వైపు తిరిగినప్పుడు ఇంకొక గుంపుగా విడిపోతాడు. సడలిస్తే అన్నదమ్ములిద్దరూ ఒకే గుంపులో కలిసిపోతారు. విడిపోయిన గుంపులను తరువాత కలపడం సులువు, ఒక్క నిమిషం పని. కలిసిపోయిన గుంపును విడదీయాలంటే వందల ముఖాలను ఒక్కొక్కటిగా చూడవలసి వస్తుంది. కనుక అనుమానం ఉన్నచోట హద్దును బిగించి ఉంచుకోవడమే మేలు. పికాసాలో ఈ హద్దులను వినియోగదారు మార్చుకునే వీలుండేది. గుంపులు చేయడానికి ఒకటి, పేరు సూచించడానికి ఒకటి చొప్పున రెండు హద్దులు ఉండేవి. ఫోన్లలోని యాప్‌లు చాలావరకు ఈ వీలును ఇవ్వవు.

సాఫ్టువేరు సూచించిన పేరును, మనిషి ధ్రువీకరించిన పేరును వేరువేరుగా ఉంచడం ఈ విధానంలో మరొక ముఖ్యాంశం. ఐఫోటోలో "ఈ వ్యక్తి ఈ ఫోటోలలో కూడా ఉండవచ్చు" అని ముఖాలను చూపి, అవునో కాదో చెప్పమనేవారు. పికాసాలో సూచనల పక్కన ఆకుపచ్చ టిక్కు, ఎర్ర కాటు గుర్తులు ఉండేవి. లైట్‌రూమ్‌లో ధ్రువీకరించని పేరు చివర ప్రశ్నార్థకం కనిపిస్తుంది. డిజికామ్ కూడా ధ్రువీకరించని ముఖాలను విడిగా చూపుతుంది. చిన్న గుర్తే అయినా సంగ్రహం మీద ఎంత నమ్మకం ఉంచవచ్చో దీనినిబట్టే తెలుస్తుంది.

తప్పులు ఎలా పుడతాయి

చిన్న లెక్క ఒకటి వేస్తే తప్పుల మూలం అర్థమవుతుంది. ఒక కుటుంబ సంగ్రహంలో 20,000 ముఖాలు ఉన్నాయనుకుందాం. ప్రతి ముఖాన్ని మిగిలిన ప్రతి ముఖంతో పోలిస్తే దాదాపు 20 కోట్ల జతలు వస్తాయి. వేర్వేరు వ్యక్తులను ఒకరే అని పొరబడడం పది లక్షల జతలకు ఒక్కసారి మాత్రమే జరిగినా, మొత్తం మీద సుమారు 200 తప్పు జతలు ఏర్పడతాయి. ఒక్క తప్పు జత రెండు పెద్ద గుంపుల మధ్య వంతెన అయితే ఆ రెండు గుంపులూ కలిసిపోవచ్చు. ఒకే ఇంటివారి ముఖాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి వాస్తవంలో తప్పులు ఇంకా ఎక్కువే ఉంటాయి.

చిన్నపిల్లల ముఖాలు అన్నిటికంటె కష్టమైనవి. మొదటి రెండు మూడేళ్ళలో ముఖం త్వరత్వరగా మారుతుంది. ఏడాది వయసులో ఉన్న తమ్ముడి ముఖం, ఇప్పటి అన్న ముఖం కంటె అదే వయసులోని అన్న ముఖానికి దగ్గరగా ఉంటుంది. ఫోటో తీసిన తేదీ సరిగా ఉంటే దీనిని తేల్చుకోవచ్చు. పాత ఫోటోలను స్కాన్ చేసినప్పుడు మాత్రం ఫైలులో సాధారణంగా స్కాన్ చేసిన తేదీయే నమోదవుతుంది. 1950లలో తీసిన అమ్మమ్మ చిన్ననాటి ఫోటోకు 2010 అని తేదీ ఉంటే, సాఫ్టువేరు దానికి మనుమరాలి పేరు సూచించినా ఆశ్చర్యం లేదు. పోలిక నిజంగానే ఉంటుంది, తేదీ కూడా కుదురుతుంది! కనుక ముఖాలకు పేర్లు పెట్టే ముందే స్కాన్ చేసిన ఫోటోల తేదీలను, కనీసం దశాబ్దం వరకైనా, సరిచేసుకోవాలి.

కవలల విషయంలో సాఫ్టువేరు మీద ఆధారపడడానికి వీలు లేదు. ఒకే పోలిక గల కవలలను ముఖాన్ని బట్టి వేరు చేయడం ఉత్తమమైన పద్ధతులకు కూడా సాధ్యం కావడం లేదు. దుస్తులు, సందర్భం, ఫోటో వెనుక రాసిన రాత, తల్లి జ్ఞాపకం, ఇవే అక్కడ ఆధారాలు.

ముఖాలు కానివి, సంగ్రహానికి సంబంధించనివి కూడా ముఖాలుగా దొరుకుతాయి. గోడ మీది కాలెండరులోని దేవుడి బొమ్మ, సినిమా పోస్టరు, వీధిలోని ఫ్లెక్సీ, గుడి గోపురం మీది శిల్పం మొదలైనవాటిని సాఫ్టువేరు ముఖాలుగానే చూపుతుంది. దండ వేసి గోడకు తగిలించిన పెద్దల పటం మరొక రకం. పటంలోని వ్యక్తికి పేరు పెట్టడం తప్పు కాదు. అయితే మరణించిన పాతికేళ్ళకు జరిగిన పెళ్ళిలో ఆయన ఉన్నట్లు జాబితాలో వస్తుంది. అది పటమని వివరణలో రాసి ఉంచడం మంచిది. పెళ్ళి ఫోటోలలో నుదుటిని కప్పే బాసికం, ముఖం మీదికి జారే పూలదండలు, తలంబ్రాలు గుర్తింపుకు అడ్డు వస్తాయి. పాఠశాలల గ్రూపు ఫోటోలలో ఒక్కొక్క ముఖం మరీ చిన్నదిగా ఉండి పోల్చడానికి తగినంత వివరం ఉండదు. అటువంటి ముఖాలకు వచ్చే సూచనలను ఊహలుగానే భావించాలి.

సాఫ్టువేరు అందరి ముఖాలనూ ఒకే రీతిగా గుర్తించదు. అమెరికాలోని జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ 2019 డిసెంబరులో 189 అల్గారిథంలను పరీక్షించి ఒక నివేదిక వెలువరించింది. ఇద్దరు వేర్వేరు వ్యక్తులను ఒకరే అని పొరబడడం తూర్పు ఐరోపావారి ముఖాలతో పోలిస్తే ఆఫ్రికా, తూర్పు ఆసియావారి ముఖాలలో చాలా ఎక్కువగా ఉన్నదని అందులో తేలింది. చాలా అల్గారిథంలలో ఈ తేడా పది రెట్ల నుండి వంద రెట్ల వరకు ఉంది. దక్షిణాసియావారి విషయంలో కూడా తప్పులు కొంత ఎక్కువే. పురుషుల కంటె స్త్రీల విషయంలోను, నడివయసువారి కంటె పిల్లలు, వృద్ధుల విషయంలోను పొరపాట్లు అధికంగా కనిపించాయి. ఆ పరీక్ష ఇంటి ఫోటోల సాఫ్టువేర్ల మీద జరిగినది కాదు. అయినా పిల్లలు, వృద్ధులు, స్త్రీలు ఎక్కువగా కనిపించే భారతీయ కుటుంబాల ఆల్బములకు ఈ ఫలితం వర్తించదని అనుకోవడానికి కారణం లేదు.

తప్పు తప్పును పెంచడం అన్నిటికంటె పెద్ద ఇబ్బంది. కొత్త ముఖానికి పేరు సూచించేటప్పుడు సాఫ్టువేరు అంతకు ముందు ధ్రువీకరించిన ముఖాలను నమూనాలుగా తీసుకుంటుంది. పెద్దమ్మ పేరు కింద పిన్ని ముఖం ఒకటి ధ్రువీకరించబడితే, దానికి దగ్గరగా ఉన్న పిన్ని ముఖాలన్నీ పెద్దమ్మ పేరుతో సూచనలుగా వస్తాయి. వాటిని కూడా చూడకుండా ఆమోదిస్తే కొంత కాలానికి ఇద్దరూ ఒకరైపోతారు. "అన్నిటినీ ఆమోదించు" అనే మీట ఎంత సౌకర్యమో అంత ప్రమాదకరం.

పేర్లలో చిక్కులు

ముఖం సరిగా గుర్తించినా పేరు సరిగా లేకపోతే ట్యాగు సరైనది కాదు. సాఫ్టువేరు దృష్టిలో అక్షరాలు ఒకటైతే వ్యక్తి ఒకరు, అక్షరాలు వేరైతే వ్యక్తి వేరు. తెలుగు కుటుంబాలలో ఈ నియమం రెండు వైపులా దెబ్బతింటుంది. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వలన ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు ఒక సంగ్రహంలో ఇద్దరు ముగ్గురు ఉండడం సాధారణం. ఒకే తాత పేరు పెట్టుకున్న పెదనాన్న, చిన్నాన్న పిల్లలు కూడా ఉంటారు. మరొక వైపు సుబ్బారావు అనే ఒక్క పేరును తెలుగు లిపిలో ఒక విధంగాను, రోమను లిపిలో నాలుగు విధాలుగాను రాసి, ఒక్క మనిషిని ఐదుగురిని చేయడం కూడా జరుగుతుంది. ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో ఫోనులోను, బడి పేరుతో కంప్యూటరులోను ట్యాగులు పెట్టి తరువాత రెండు సంగ్రహాలను కలిపితే అదే ఇబ్బంది.

అమ్మమ్మ, బాబాయి, వదిన వంటి వరుసలతో ట్యాగులు పెట్టడం చాలా మందికి అలవాటు. అది పెట్టినవారికి మాత్రమే అర్థవంతం. ఒకరికి అమ్మమ్మ అయినావిడ మరొకరికి నాయనమ్మ, ఇంకొకరికి అత్తయ్య. సంగ్రహం పిల్లల చేతికి వెళ్ళేసరికి ఆ మాట తప్పు చెబుతుంది, లేదా ఏమీ చెప్పదు. పెళ్ళి తరువాత స్త్రీల ఇంటిపేరు మారడం వలన పుట్టింటి ఫోటోలలో ఒక పేరు, అత్తింటి ఫోటోలలో ఒక పేరు ఉండి ఆమె జీవితం రెండుగా చీలిపోతుంది.

ఇందుకు తేలికైన మార్గం ప్రతి వ్యక్తికి ఒకే లిపిలో, ఒకే వర్ణక్రమంతో ఒక స్థిరమైన పేరును నిర్ణయించి, ఒకే పేరు గలవారికి పుట్టిన సంవత్సరాన్ని కూడా చేర్చడం. ఇంటిపేరు మారిన స్త్రీలకు పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు రెండూ ఒకే ట్యాగులో ఉంచవచ్చును. వరుసలను, ముద్దుపేర్లను ట్యాగులో కాక వివరణలో రాయాలి.

నిర్వహణ

పేరు తెలియని ముఖాలన్నిటికీ "తెలియదు" అనే పేరు పెట్టడం కొత్తగా మొదలుపెట్టినవారు తరచుగా చేసే పొరపాటు. సాఫ్టువేరుకు అది కూడా ఒక మనిషి పేరే. పదిమంది అపరిచితుల ముఖాలను ఒకే మనిషి నమూనాలుగా తీసుకొనడం వలన ఆ "తెలియదు" అనే వ్యక్తి అందరినీ పోలి, ప్రతి కొత్త ముఖానికి సూచనగా వస్తుంటాడు. తెలియని ముఖాన్ని పేరు లేకుండా వదిలివేయాలి. వీధిలో పోయేవారు, పోస్టరులోని బొమ్మలు వంటి అక్కరలేని ముఖాలను "పట్టించుకోవద్దు" అనే విభాగంలోకి పంపాలి. ఈ వీలు చాలా సాఫ్టువేర్లలో ఉంది.

మొదట ప్రతి వ్యక్తికి వేర్వేరు వయసులలో, వేర్వేరు వెలుతురులలో తీసిన స్పష్టమైన ముఖాలు కొన్నిటిని చేతితో ధ్రువీకరించి, ఆ తరువాతే సూచనలను చూడడం మంచి పద్ధతి. మసకగా ఉన్న ముఖం, సగం కనిపించే ముఖం ఎవరిదో చూసినవారికి తెలిసినా, అది నమూనాగా పనికిరాదు. సూచనలను ఒక తెరలో పట్టేటన్ని మాత్రమే తీసుకొని, తప్పులను ముందు తోసిపుచ్చి, మిగిలినవాటిని ఆమోదించాలి. కాదు అని చెప్పడం కూడా సాఫ్టువేరుకు ఉపయోగపడే సమాచారమే.

ఇప్పటికే చేరిన తప్పులను పట్టుకోవడానికి కొన్ని తేలికైన ఉపాయాలు ఉన్నాయి. ఒకే ఫోటోలో ఒకే పేరు రెండు ముఖాలకు ఉంటే, అద్దమో పటమో కొలాజో కాని పక్షంలో, వాటిలో ఒకటి తప్పు. ఒక వ్యక్తి పుట్టుకకు ముందు తేదీ గల ఫోటోలో, లేదా మరణానంతరం తేదీ గల ఫోటోలో అతని పేరు ఉంటే తేదీ అయినా తప్పు, పేరు అయినా తప్పు. ఒక వ్యక్తి ముఖాలన్నిటినీ కాలక్రమంలో పేర్చి పైనుండి కిందికి వేగంగా చూస్తూ పోతే, వరుసలో ఇమడని ముఖం కంటికి వెంటనే తగులుతుంది. ఒక్కొక్క ఫోటోను తెరచి చూసినప్పుడు కనబడని తప్పు ఇలా కనబడుతుంది. రెండు పేర్లను కలపవలసి వచ్చినప్పుడు ముందుగా సంగ్రహానికి ఒక నకలు తీసి ఉంచుకోవాలి, ఎందుకంటే కలపడాన్ని వెనుకకు తిప్పే వీలు అన్ని సాఫ్టువేర్లలో ఉండదు.

పాత ఫోటోల విషయంలో సాఫ్టువేరు కంటె పెద్దల పక్కన కూర్చోవడం ఎక్కువ ఫలితాన్ని ఇస్తుంది. 1940లు, 50ల నాటి స్టూడియో ఫోటోలలో వాడిన మెరుగుదిద్దే పని వలన ముఖాలు నునుపుగా మారి పోలికలు చెరిగిపోతాయి. ఆ ఫోటోలో వెనుక వరుసలో ఎడమనుంచి మూడవ మనిషి ఎవరో ఎనభై ఏళ్ళు దాటిన ఒక్క మనిషికే తెలిసి ఉండవచ్చు. పేరు చెప్పినవారెవరో, ఏ సంవత్సరంలో చెప్పారో కూడా ఫోటో వివరణలో రాయాలి. ఇద్దరు పెద్దలు రెండు పేర్లు చెబితే రెండింటినీ రాసి, ట్యాగు మాత్రం పెట్టకుండా ఉంచాలి.

ట్యాగుల నిల్వ

ట్యాగులు ఎంత సరిగా ఉన్నా అవి ఎక్కడ నిల్వ ఉన్నాయో తెలియకపోతే ఒకనాడు మొత్తం పోయే ప్రమాదం ఉంది. ఇందుకు పికాసా కథ మంచి ఉదాహరణ. పికాసా ప్రతి ఫోల్డరులోను ఒక చిన్న దాగిన ఫైలును ఉంచి, అందులో ముఖం ఉన్న చోటును, ఆ వ్యక్తికి కేటాయించిన ఒక సంకేత సంఖ్యను రాసేది. ఆ సంఖ్య ఏ పేరుదో తెలిపే జాబితా కాంటాక్ట్స్ అనే వేరొక ఫైలులో, కంప్యూటరులో మరొక చోట ఉండేది. ఫోటోల ఫోల్డర్లను మాత్రమే నకలు తీసుకొని కంప్యూటరు మార్చినవారికి ముఖాలు, సంఖ్యలు మిగిలి, పేర్లు పోయే అవకాశం ఉండేది. పేర్లను ఫోటో ఫైలులోనే రాసే వీలు తరువాతి రూపాలలో వచ్చింది. 2016 ఫిబ్రవరిలో గూగుల్ పికాసాను విరమిస్తున్నట్లు ప్రకటించి, ఆ సంవత్సరం మార్చి 15 నుండి దానికి మద్దతు నిలిపివేసింది. ఐఫోటో స్థానంలో 2015లో యాపిల్ ఫోటోస్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఫోటో గ్యాలరీకి 2017 జనవరిలో మద్దతు ముగిసింది. 2009-10లో ట్యాగులు పెట్టడం మొదలుపెట్టినవారు వాడిన ముఖ్యమైన సాఫ్టువేర్లు దాదాపు అన్నీ ఎనిమిదేళ్ళ లోపలే తెరమరుగయ్యాయి. ఇంటి ఫోటోల ఆయుర్దాయం అంతకంటె చాలా ఎక్కువ.

ఈ ఇబ్బందికి పరిష్కారం పేరును ఫోటో ఫైలు లోపలనే, అందరూ అంగీకరించిన రూపంలో రాయడం. అడోబీ, యాపిల్, కానన్, మైక్రోసాఫ్ట్, నోకియా, సోనీ సంస్థలు కలిసి ఏర్పరచిన మెటాడేటా వర్కింగ్ గ్రూప్ 2010లో ముఖ ప్రాంతాలను రాసే ఒక పద్ధతిని ప్రచురించింది. వార్తాసంస్థల ప్రమాణాలను నిర్ణయించే ఐపీటీసీ 2019లో తన ఫోటో ప్రమాణంలో చిత్ర ప్రాంతాలను చేర్చింది. డిజికామ్, లైట్‌రూమ్ వంటివి ఫోటో లోపల పేర్లు రాయగలవు. అయితే ఆ పని వాటంతట అవే చేస్తున్నాయో లేదో అమరికలలో చూసుకోవాలి. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్టువేరుతో ఏ ఫోటోలోనైనా ఏమి రాసి ఉన్నదో చదవవచ్చును. గూగుల్ ఫోటోస్ నుండి సంగ్రహాన్ని దించుకున్నప్పుడు పేర్లు ఫోటో లోపల కాక, పక్కనే ఉండే జేసన్ ఫైలులో వస్తాయి. ఆ ఫైళ్ళు పనికిరానివిగా కనిపిస్తాయి కాబట్టి వాటిని తీసివేసేవారు ఉన్నారు.

ఫోటో లోపల రాసిన ట్యాగు కూడా చెడిపోవచ్చు. ముఖం ఉన్న చోటును ఫోటో వెడల్పు, ఎత్తులలో ఎన్నవ వంతు అనే లెక్కలో రాస్తారు. మెటాడేటా వర్కింగ్ గ్రూప్ పద్ధతిలో దీర్ఘచతురస్రపు మధ్య బిందువును రాస్తే, మైక్రోసాఫ్ట్ పద్ధతిలో ఎడమవైపు పై మూలను రాస్తారు. ఒకదానిని మరొకటిగా చదివితే పెట్టె పక్కకు జరుగుతుంది. ట్యాగుల సంగతి తెలియని సాఫ్టువేరులో ఫోటోను కత్తిరించినా, తిప్పినా, ముఖాలు కదులుతాయి కాని రాసిన అంకెలు కదలవు. ఫలితంగా పెళ్ళికొడుకు పేరున్న పెట్టె పక్కనున్న తోడి పెళ్ళికొడుకు ముఖం మీద పడుతుంది. ట్యాగు రాసినప్పటి ఫోటో కొలతలను కూడా మెటాడేటా వర్కింగ్ గ్రూప్ పద్ధతిలో నమోదు చేస్తారు. ప్రస్తుత కొలతలు వాటితో సరిపోకపోతే ఫోటో మారినదని తెలుసుకోవచ్చును. కత్తిరించడం, తిప్పడం ముందు పూర్తిచేసి, ఆ తరువాత ముఖాలకు పేర్లు పెడితే ఈ చిక్కు రాదు.

గోప్యత, చట్టాలు

ముఖాన్ని సంఖ్యల వరుసగా మార్చి దాచుకోవడం జీవమితి సమాచారాన్ని సేకరించడమే అని కొన్ని చట్టాలు పరిగణిస్తాయి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2008లో చేసిన చట్టం ప్రకారం ఇందుకు ఆ వ్యక్తి రాతపూర్వకమైన అనుమతి అవసరం. ఈ చట్టం కింద ట్యాగు సూచనలపై దాఖలైన వ్యాజ్యంలో ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్లు చెల్లించే ఒప్పందానికి 2021లో న్యాయస్థానం ఆమోదం తెలిపింది. అదే సంవత్సరం నవంబరులో ఫేస్‌బుక్ తన ముఖ గుర్తింపు వ్యవస్థను మూసివేసి, వంద కోట్లకు పైగా వ్యక్తుల ముఖ నమూనాలను తొలగిస్తామని ప్రకటించింది. యాపిల్ ఫోటోస్ ముఖాలను పోల్చే పనిని ఫోను లేదా కంప్యూటరులోనే చేస్తుంది.

భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా గృహ అవసరాలకు వాడుకునే సమాచారానికి వర్తించదు. కనుక ఇంటి ఆల్బములో బంధువులకు ట్యాగులు పెట్టుకోవడానికి చట్టపరమైన ఆటంకం లేదు. అదే ఫోటోను బయట ప్రచురించినప్పుడు లోపల రాసిన పేర్లు, తీసిన స్థలం కూడా దానితో పాటు వెళ్ళవచ్చును. అందువలన పేర్లు ఉన్న అసలు ప్రతిని ఇంట్లో ఉంచుకొని, పేర్లు తీసివేసిన ప్రతిని మాత్రమే బయటికి ఇస్తారు. చాలా యాప్‌లలో ఎగుమతి చేసేటప్పుడు ఇందుకు ఒక ఎంపిక ఉంటుంది. లైట్‌రూమ్‌లో వ్యక్తుల సమాచారాన్ని, స్థల సమాచారాన్ని విడివిడిగా తొలగించవచ్చును.